బావ దాచిన తోకముక్క

మా బావ పోయాడు. అక్క ఫోన్ చేసేటప్పటికి నేను నా షెడ్డులో ట్రాక్టరు కింద దూరి పని చేసుకుంటున్నాను. "మీ బావ ఇంక లేవడురా" అని పెట్టేసింది. బయటికి రావాలని కూడా తోచలేదు. ఆ ఇంజను కిందే పడుకుని ఏడ్చాను. పాత తుపాకులు బాగుచేసే మనిషి పోయాడని నరసరావుపేటలో అందరూ అనుకుని ఉంటారు. నాకు మాత్రం, నా షెడ్డులో మూలన పడేసిన పాత ఇనుము గుట్టను కెలికి కెలికి నన్ను విసిగించే మనిషి పోయాడు.

మా వైపు కొన్ని ఇళ్లలో తాతలనాటి లైసెన్సు తుపాకులు ఇంకా ఉన్నాయి. పొలం మీద పడే అడవిపందుల్ని బెదరగొట్టడానికి కొందరు, ఇంటికి అదొక గౌరవమని కొందరు ఉంచుకున్నారు. వాటిని తయారుచేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. లోపల స్ప్రింగు విరిగినా, ట్రిగ్గరు నొక్కేదాకా లోపలి సుత్తిని పట్టి ఆపే చిన్న కొక్కెం అరిగినా బజార్లో దొరకదు. బావ దాన్ని చేత్తో చేసేవాడు. ముందు లైసెన్సు చూడందే తుపాకి సంచి విప్పనిచ్చేవాడు కాదు. ఎంత పెద్దమనిషి పేరు చెప్పుకుని వచ్చినా సరే, కాగితం లేకపోతే టీ తాగించి పంపేసేవాడు.

ముక్క చేయడానికన్నా దానికి ఉక్కు ఎంచుకోవడానికే ఆయనకు ఎక్కువ సేపు పట్టేది. స్ప్రింగుకు ఒక రకం కావాలి, కొక్కేనికి ఇంకో రకం. మరీ గట్టిదైతే పుటుక్కున విరుగుతుంది, మెత్తనిదైతే అరిగిపోతుంది. నా గుట్టలోంచి లారీ కమాను పట్టీ, రంపం ముక్క, ఇనుము రాకే ఆకురాయి అరిగిపోయింది తీసి సుత్తితో తట్టి వినేవాడు. తర్వాత సానచక్రానికి ఆనించేవాడు. మామూలు ఇనుమైతే రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి, పస ఉన్న ఉక్కైతే చివర్న పువ్వుల్లా చిట్లుతాయి. "ఇంతసేపేంది బావా, పిల్లను చూస్తున్నావా?" అని నేను ఎగతాళి చేస్తే, "పిల్లనైతే ఇంతసేపు చూడలేదులేరా" అనేవాడు. అదీ నిజమే. పెళ్లిచూపులకు వచ్చి, తాంబూలం పళ్లెంలో ఉన్న మా అమ్మ అడకత్తెర చేతిలోకి తీసుకుని, ఉక్కు చానా మంచిదన్నాడట. నన్ను కాదు, అడకత్తెరను చూసి చేసుకున్నాడని అక్క జీవితమంతా దెప్పింది.

అన్నిటినీ అంత అనుమానంగా చూసే మనిషి ఒక్కచోట చూడకుండా వదిలేశాడు. ఆయనకు పని నేర్పిన ఉస్తాదు కాలం చేశాక, ఆ ఇంటివాళ్లు ఉస్తాదు వాడిన ఆకురాళ్లు కట్టగా తెచ్చి బావకిచ్చారు. బావ వాటిని కళ్లకద్దుకున్నాడు. సానకు పెట్టలేదు. ఉస్తాదు వస్తువుకు పరీక్షేంటని నాతోనే అన్నాడు. వాటిని కొలిమిలో కాల్చి, మెత్తబరిచి, తరవాత చాలా తుపాకులకు వాటితోనే కొక్కేలు చేశాడు. ఆ కట్టలో ఒక నాసిరకం ఆకురాయి ఉంది. అది పైపైనే గట్టి, లోపలంతా మెత్తని ఇనుము.

నకరికల్లులో ఒక రైతు పొలం నుంచి వచ్చి తుపాకిని కొట్టం గోడకు ఆనించాడు. కొక్కెం జారి తుపాకి దానంతటదే పేలింది. పైన రేకు చిల్లిపడింది. ఆయన మనవరాలు ఆ పక్కనే గేదెకు కుడితి పెడుతోంది. దేవుడి దయవల్ల పిల్లకేమీ కాలేదు. బావ వెళ్లి ఆ కొక్కెం ఊడదీసుకొచ్చి నా సాన మీద పెట్టాడు. రవ్వలు గీతల్లా పోయాయి, ఒక్కటీ చిట్లలేదు. సాన ఆపి కొక్కేన్ని జేబులో వేసుకున్నాడు. తూటా తీయకుండా గోడకానించడం ఆ రైతు తప్పు కాదా అని నేను గట్టిగానే అడిగాను.

"ఆయన తప్పు ఆయనది. కొక్కెం నాది" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "ఉస్తాదుకు దణ్ణం పెట్టాల్సింది. నేను ఆయన ఆకురాయికి పెట్టానురా" అన్నాడు.

ఏ కొక్కెం ఏ ఆకురాయిదో ఆయనకే తెలియదు. అందుకని ఆ కట్టలోంచి చేసినవన్నీ వెనక్కి తీయాలని బయలుదేరాడు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, బస్సుల్లో పడి, ఊరూరా తిరిగి వాళ్ల వాళ్ల ఇళ్లలోనే పాతది తీసి కొత్తది బిగించాడు. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు. అప్పటినుంచే ఒక అలవాటు మొదలైంది. ఏ ముక్క చేసినా, అదే ఉక్కులో మిగిలిన తునకను దారంతో దానికి కట్టి ఇచ్చేవాడు. తోకముక్క అనేవాడు దాన్ని. "నా మాట నమ్మబాకండి, దాన్ని సానబెట్టి చూసుకోండి" అని చెప్పేవాడు.

పాత కొక్కేలన్నీ వెనక్కి వచ్చాయి, బెల్లంకొండ ఊరి పెద్దాయన తుపాకిలోది ఒక్కటే మిగిలింది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి కదా. ఈయన తుపాకి అట్లా వెళ్లింది, లైసెన్సు రెన్యువల్ పేచీ పడి అక్కడే ఉండిపోయింది. అక్కడున్నంత కాలం ఫరవాలేదు, ఇంటికొచ్చిన రోజే ప్రమాదం. మంచం పట్టాక కూడా ఫోన్ మోగితే చాలు, బెల్లంకొండ తుపాకి వచ్చిందా అని అడిగేవాడు. ఆ ధ్యాసలోనే పోయాడు పాపం.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆ పెద్దాయన వచ్చాడు. బావ ముందే చెప్పి ఉంచినట్టు, తుపాకి స్టేషన్ నుంచి తీసుకుని ఇంటికి కూడా పోకుండా నేరుగా బావ దుకాణానికే వచ్చానన్నాడు. బల్ల మీదున్న బావ ఫొటోకు దణ్ణం పెట్టి, అడగకముందే లైసెన్సు తీసి చూపించాడు. దుకాణం ఇప్పుడు నా మేనకోడలిది, బావ బతికుండగానే ఆ పిల్లకు పని నేర్పి దుకాణం లైసెన్సులో పేరు కూడా చేర్పించాడు. ఆ పిల్ల బావ ముక్కలు దాచే డబ్బా తెరిచింది. బావ ఈ తుపాకి కోసమే చేసి ఉంచిన కొక్కెం, దానికి కట్టిన తోకముక్క అందులో ఉన్నాయి.

"మీ నాయన చేతి పని. ఇంక చూసేదేముందమ్మా, బిగిచ్చెయ్" అన్నాడు పెద్దాయన.

నాకూ అదే అనాలనిపించింది. పిల్ల నా వైపు చూసింది. తర్వాత దారం విప్పి, కొక్కేన్ని ఫొటో ముందు పెట్టి, తోకముక్కను పట్టుకారుతో పట్టుకుని సాన స్విచ్చి వేసింది. రవ్వలు లేచాయి. కాకరపువ్వొత్తిలా తెల్లగా చిట్లుతున్నాయి. దండ వెనక ఫొటో అద్దంలో, బావ ముఖం మీద కూడా చిట్లుతున్నాయి.