బలానికని చెప్పిన సూది

మూడేళ్ల కిందటి ఎండాకాలం. జల్‌పల్లి అవతల ఖాళీ ప్లాట్ల చుట్టూ వెదురు కంచె కట్టి టీవీ వాళ్లు ఒక పొలం తయారుచేశారు. ఒక సినిమా హీరో పదిహేను రోజులు అక్కడే ఉండి, ఎవరి సాయమూ లేకుండా వ్యవసాయం చేసి చూపించాలి. అదీ ఆ రియాలిటీ షో. నేను ఛత్రినాకలో ఉంటాను. పశువుల దవాఖానాలో ఇరవై రెండేళ్లు కాంపౌండర్‌గా చేసి మానేశాక, పాతబస్తీ తబేలాల్లో, అంటే పాలబర్రెల కొట్టాల్లో, తిరుగుతూ చిన్నాచితకా వైద్యం చేసేవాణ్ణి. షో వాళ్లు నన్ను ‘యానిమల్ కన్సల్టెంట్’ అన్నారు. తెర మీద పేరు వేస్తామన్నారు. అందరూ ‘డాక్టర్ సాబ్’ అని పిలుస్తుంటే కాదని ఒక్కసారి కూడా దిద్దలేదు. సిగ్గులేని సంబరం నాది.

కోళ్లూ మేకలూ వాళ్లే ఎక్కణ్నుంచో తెచ్చుకున్నారు. పాలబర్రెను మాత్రం నేను కుదిర్చాను. ఆ దగ్గర్లోనే ఉండే యాదమ్మది. ఆమెకున్నది ఆ ఒక్క బర్రే, పేరు బంగారి. దాని పాలు నాలుగిళ్లకూ ఒక చాయ్ హోటల్‌కూ పోస్తేనే ఇల్లు గడిచేది.

“మీ మొకం జూసి పంపుతున్న సార్. ముందుగాల దూడ కుడవాలె, నేను పక్కన నిలబడి వీపు నిమరాలె. గప్పుడే చేపుతది,” అని మరీ మరీ చెప్పింది.

చేపడమంటే పొదుగులో పాలు కిందికి దిగడం. మా వృత్తిలో ‘లెట్-డౌన్’ అంటాం. బర్రె బెదరకుండా, అలవాటైన మనిషి దగ్గర ఉంటేనే అది సరిగ్గా జరుగుతుంది.

మొదటిరోజు పొద్దున్నే హీరో బకెట్ పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు కెమెరాలు, నెత్తి మీద మైకు. సాయం చేసేవాళ్లు కనిపించకూడదని యాదమ్మను కంచె బయట నిలబెట్టారు. అరుపులు మైకులో పడుతున్నాయని దూడను దూరంగా కట్టేశారు. ముప్పావుగంట తంటాలు పడ్డా చుక్క రాలేదు. చివరికి హీరోనే అన్నాడు, “ఆ అమ్మను లోపలికి పిలవండి. ఆమె నేర్పిస్తే నేర్చుకుంటా. అందులో నామోషీ ఏముంది?”

డైరెక్టర్ కూడా మెత్తబడ్డాడు. నేను నోరు మూసుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. ఉంటానా!

“ఆమె ఎందుకు సార్, నేనున్న గదా. ఐదు నిమిషాలియ్యిండ్రి,” అన్నాను.

నా సంచిలో ఆక్సిటోసిన్ ఉంది. ఈత, అంటే ఈనడం, కష్టమైన పశువుకు డాక్టర్ చెబితే వేసే మందు. పాల కోసం రోజూ వేస్తే పశువు దానికే అలవాటు పడి, సూది లేనిదే చేపడం మానేస్తుంది. తబేలాల్లో ఎవరి దగ్గర ఆ సీసా కనబడినా లొల్లి చేసి నాలాలో పారబోయించినవాణ్ణి నేనే. ఆ నేనే బంగారి మెడకు సూది పొడిచాను. కాసేపటికి పాలు ధార కట్టాయి. సెట్ అంతా చప్పట్లు. “క్యా హాథ్ హై, డాక్టర్ సాబ్!” అని నా హస్తవాసిని మెచ్చుకున్నాడు కెమెరామన్. నేను ఉబ్బిపోయాను.

యాదమ్మ కంచె బయటి నుంచి చూస్తూనే ఉంది. “గదేం సూది సార్?” అంది.

“బలానికమ్మా.”

“గట్లనా. మీకు తెల్వదా సార్,” అని దండం పెట్టింది.

ఇక ఆ పదిహేను రోజులూ పూటకొక సూది.

షూటింగ్ అయిపోయి బంగారి ఇల్లు చేరిన నాలుగో రోజున యాదమ్మ ఆటోలో మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“దూడను ఇడిసినా చేపుతలేదు సార్, తంతున్నది. హోటల్ భాయ్ ఇంకోతాన పాలు పట్టుకుంటున్నడు. దిష్టి తగిలింది సార్. నా బర్రె టీవీల కనబడాలని నాకే ఆశైంది. నా తప్పే. మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసిన, అయినా తగ్గలే. మీరు గా బలం సూది ఇంకొకటి ఇయ్యిండ్రి. గప్పుడు మంచిగిచ్చింది.”

చేసింది నేను, తిట్టుకుంటున్నది ఆమె. అప్పుడైనా చెప్పానా అంటే, లేదు. “సూది వద్దమ్మా, నేనొచ్చి చూస్త,” అని తప్పించుకున్నాను.

రోజూ పొద్దున్నే వెళ్లాను. గోరువెచ్చటి నీళ్లతో పొదుగు కడిగేవాణ్ణి, దూడను వదిలేవాణ్ణి, యాదమ్మ వీపు నిమురుతుంటే ఎంతసేపైనా కాచుకునేవాణ్ణి. ఇరవయ్యో రోజో ఏమో, బంగారి తనంతట తాను చేపింది. కానీ పాలు సగానికి పడిపోయాయి, ఆ ఈతలో మళ్లీ పెరగలేదు. చాయ్ హోటల్ ఖాతా పోయినట్టే.

ఆ సగం పాలకే యాదమ్మ ముఖం విప్పారింది. వాటితోనే చాయ్ పెట్టి తెచ్చి, “మీరు నా పాలిటి దేవుడు సార్,” అంది. ఇక ఉండబట్టలేక, మందు పేరుతో సహా అంతా చెప్పేశాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. వెళ్లి బంగారి వీపు మీద చెయ్యి వేసింది.

“దానికైతే నోరు లేదు, సరే. నాకున్నది గదా సార్. నన్నొక్క మాట అడగకపోతిరి?”

ఇప్పుడు ఏ పశువుకు సూది వేయాలన్నా ముందు సీసా దాన్ని పెంచుకునేవాళ్ల చేతిలో పెడతాను. పేరేమిటో, ఎందుకో, వేస్తే వచ్చే నష్టమేమిటో చెబుతాను. వాళ్లు సరేనంటేనే వేస్తాను. ఇరవై రెండేళ్ల దవాఖానా నౌకరీలో రాని ఈ బుద్ధి ఒక బర్రె పాలు పోగొట్టాక వచ్చింది.

బంగారి మళ్లీ ఈనిందట, పాలు బాగానే ఇస్తోందట. దానికి ఒంట్లో బాగాలేకపోతే యాదమ్మ ఇప్పుడు వేరే ఆయన్ని పిలుస్తుంది. పని మీద ఆ గల్లీలో పోవాల్సి వస్తే, ఆమె ఇల్లు దాటేదాకా నేను అటువైపు తల తిప్పను.