చీనా మేడం మీద నేను రాసిన రిపోర్టులు

ఆ రోజుల్లో పెద్ద పెద్ద దేశాలు ఒకదాన్నొకటి నమ్మకపోవడం వల్లే నా మొదటి ఉద్యోగంలో నాకొక పని దొరికిందంటే ఇప్పుడు మా ఆఫీసు పిల్లలు నవ్వుతారు. నిజాంపేట హాస్టల్లో ఉంటూ, హైటెక్ సిటీలో ఒక అమెరికా కంపెనీ పనులు చేసిపెట్టే ఆఫీసులో అప్పుడే చేరాను. అక్కడ నెట్‌వర్క్ పెట్టెలు బిగించడానికి చైనా నుంచి ఒక ఇంజినీరు వచ్చింది. పెట్టెలు చైనావి, వాటిలో పారే సమాచారం అమెరికాది. చవకని కొన్నారు, కొన్నాక భయపడ్డారు. ఆవిడ పేరు పలకడం చేతకాక అందరం 'చీనా మేడం' అనేవాళ్లం.

మా మేనేజరు సారు నన్ను గదిలోకి పిలిచి తలుపేసి, "చూడు తమ్మీ, ఆమెది కమ్యూనిస్టు దేశం. అమెరికోళ్లు పరేషాన్ అయితున్నరు. ఆమె ఎటు పోతే నువ్వు అటు పోవాలె. రోజూ సాయంత్రం రిపోర్టు పంపాలె. జర పైలం," అన్నారు. (ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి, బావిలో దూకమన్నా దూకేవాణ్ణి.) మొదటిరోజు రాశాను: "మూడుసార్లు వేడినీళ్లు అడిగింది. కారణం తెలియదు." కనుక్కోమని అమెరికా నుంచి జవాబొచ్చింది. కనుక్కున్నాను. తాగడానికట. ఆ మాట అక్కడెవరూ నమ్మలేదు.

రెండోవారం క్యాంటీన్లో ఆవిడ తన ముక్కలు ముక్కల ఇంగ్లీషులో, "మీ ఇంటిపేరు ఎలా రాయాలి?" అనడిగింది. ఎందుకన్నాను. "రిపోర్టుకి," అంది తలవంచుకుని. తీరా చూస్తే ఆవిడా రోజూ నా మీద రాస్తోంది! పెట్టుబడిదారుల మనిషి, కనిపెట్టి ఉండమన్నారట వాళ్లవాళ్లు. (ఆరోజు పెట్టుబడిదారుల మనిషి చొక్కాకి గుండీ లేక పిన్నీసు పెట్టుకున్నాడు.) "మీరు నన్నేమీ అడగరు. అదే అనుమానంగా ఉందంటున్నారు. ఏదైనా అడగండి, ప్లీజ్," అంది. ఏమడగాలో తోచక, "మీ ఊళ్లో వానలు పడతాయా?" అన్నాను. ఆవిడ పకపకా నవ్వింది. అప్పట్నుంచి కలిసి కూర్చునే రాసుకునేవాళ్లం. తన గురించి ఏం రాయాలో ఆవిడే చెప్పేది, నా గురించి నేను చెప్పేవాణ్ణి. వాళ్ల ఊరి నది, ఆ నది మీద పొగమంచు, ఫోన్లో ఏడ్చే నాయనమ్మ, అన్నీ అలాగే తెలిశాయి. నా గురించి అంత శ్రద్ధగా రాసుకున్న మనిషి నాకు మళ్లీ దొరకలేదు.

ఒక మధ్యాహ్నం నెట్‌వర్క్ గంటసేపు ఆగిపోయింది. ఆ గంటా మేమిద్దరం చెప్పకుండా బయటికెళ్లి, వానలో తోపుడుబండి దగ్గర మొక్కజొన్న కంకులు తింటున్నాం. తిరిగొచ్చేసరికి సారు, "ఆమె ఒక్కతే పెట్టెలున్న రూం లోపటికి పోయిందని రాయి. అమెరికోళ్లు గట్లనే అనుకుంటున్నరు. నీకేం కాదు," అన్నారు. అబద్ధం రాస్తే ఆవిడ ఉద్యోగం పోతుంది, నిజం రాస్తే నాది. నిజమే రాశాను: "ఇద్దరం బయట ఉన్నాం. కంకులు రెండు. ఆవిడకి కారం ఎక్కువైంది." ఆవిడ కూడా వాళ్లవాళ్లకి అదే రాసింది.

మా మరమ్మతువాళ్లే తప్పు తీగ పీకారని తర్వాత తేలింది. అయినా విచారణలో రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశారు. కారంతో సహా కలిశాయి. ఇంతలా కలిశాయంటే వీళ్లిద్దరూ కుమ్మక్కయ్యారని ఇరుపక్షాలూ మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చాయి.

ఆవిణ్ణి రెండురోజుల్లో వెనక్కి పిలిపించారు. నన్ను మూడు నెలలు పని లేకుండా కూర్చోబెట్టారు. "అబద్ధం రాయలే నువ్వు, మంచిగ చేసినవ్. ఇగ మల్ల గిట్ల చేయకు," అన్నారు సారు, నావైపు చూడకుండా. నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడానికి మా ఇద్దరికీ అనుమతి లేదు. లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే, "ఈరోజు ఏం రాస్తారు?" అందావిడ. అంతలో లిఫ్టు కిందికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నల్లగండ్లలో ఉంటున్నాను. టీవీలో ఆ రెండు దేశాల పెద్దలు చేతులు కలుపుతూ కళ్లతో ఒకరినొకరు తూచుకుంటుంటే నేను లేచి దగ్గరికెళ్లి నిలబడతాను. "ఏం వెతుకుతారండీ అందులో?" అంటుంది మా ఆవిడ. వెనకాల నిలబడ్డవాళ్ల ముఖాలు. తీగలు బిగించే ఇంజినీరుకి అక్కడేం పని? ఆ మాత్రం తెలియనంత వెర్రివాణ్ణి కాను. అయినా, ఆ కెమెరా జరంత పక్కకి జరిగితే బాగుండుననుకుంటాను.