ఉపవాసాల నెలలో మొదటి ముద్ద

మా పక్కింటి జీలానీ అన్నకు ఒక పిచ్చి ఉంది. వలలో ఏ చేప పడ్డా దాని పొట్ట కోసి, అది చివరిసారి ఏం తిన్నదో చూడాలి. రొయ్య పిల్లా, నాచా, ఇంకో చేప తోకా? వేలితో కెలికి చూసి, తల ఊపి, అప్పుడు గానీ గంపలో వెయ్యడు. ఏం తిన్నదో తెలిస్తే ఎక్కడ తిరిగిందో తెలుస్తుందని పైకి చెబుతాడు. అది ఒట్టి సాకు. ఏ ప్రాణి ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, ఎందుకు తింటుంది అన్నదే ఆయనకు కావాలి. భార్య మబ్రూకా బతికి ఉన్న రోజుల్లో, ఈయనకు నేను వండిన కూర కంటే చేప తిన్న కూర మీదే ధ్యాస ఎక్కువ అని నాతో చెప్పి నవ్వేది.

మబ్రూకా పోయాక ఆయన వంట ఆయనే వండుకుంటున్నాడు. మా కెర్కెనా దీవిలో మగవాడు గరిటె పట్టుకుంటే రేవులో నెల రోజులు నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనీ అని ఊరుకున్నాడు. తెల్లవారుజామున పడవ తీస్తాడు, నీళ్లలో మట్టి కుండలు తాళ్లకు కట్టి దించుతాడు. ఆక్టోపస్‌కు చీకటి గూడంటే ఇష్టం, తనంతట తానే కుండలో దూరి కూర్చుంటుంది. దాని వెంట పడకూడదు, మన నీడ దాని మీద పడకూడదు, పెట్టి తప్పుకోవాలి. ఆయన వృత్తి అంతా ఆ మూడు ముక్కల్లో ఉంది.

మా రెండిళ్ల మధ్య గోడ నా భుజం ఎత్తు. గోడలకు చెవులుంటాయంటారు, ఈ గోడకు ముక్కు కూడా ఉందని నాకు ఈ ఏడాదే తెలిసింది. నాకు షుగరు. ఉపవాసం ఉంటే పడిపోతావని డాక్టరు గట్టిగా చెప్పాడు, దేవుడు కూడా రోగిష్టివాళ్లకు మినహాయింపు ఇచ్చాడు. అయినా రంజాన్ నెలలో ఊరంతా నోరు కట్టుకుని ఉంటే నేనొక్కదాన్నీ కంచం ముందేసుకోవాలంటే ప్రాణం చచ్చిపోతుంది. అందుకే మధ్యాహ్నం వంటింటి వెనక, ఆ గోడ నీడన కూర్చుని, చెంచా గిన్నెకు తగలకుండా తింటాను. సరిగ్గా అప్పుడే గోడ అవతల మొదలవుతుంది, ధన్ ధన్ మని. ఆక్టోపస్ మెత్తబడాలంటే రాతి మీద బాదాలి, నిజమే. కానీ లోకమంతా పొద్దున్నే ఒడ్డున బాదుకుని వస్తుంది. ఈయన మాత్రం ఇంటికి తెచ్చి, నా ముద్ద నోటిదాకా వచ్చే వేళకే బాదుతాడు. మూడేళ్లుగా ఆయన్ను మనసులో తిట్టుకుంటూనే తిన్నాను.

ఈ రంజాన్‌కు ఆ ఇంట్లో ఒక పసివాడు ఉన్నాడు. జీలానీ కూతురు రౌదా కొడుకు, ఇయాద్. రౌదా నీళ్లకు అవతల, స్ఫాక్స్ ఊళ్లో బడి పంతులమ్మ. పురుడు పోసుకోవడానికి తండ్రి దగ్గరికొచ్చి, పాలిచ్చే తల్లులకిచ్చే సగం జీతం సెలవు కూడా ఇక్కడే గడిపింది. పండగకు ముందే ఆ సెలవు అయిపోతుంది. అప్పట్నుంచి పొద్దున ఫెర్రీకి వెళ్లి సాయంత్రం ఫెర్రీకి రావాలి. పగటి పూట పిల్లాడు తాత చేతి మీద ఏదైనా తింటే సరి. తినకపోతే వాణ్ని స్ఫాక్స్‌లో అత్తగారింట దించుతుంది. మొగుడి ఉద్యోగం అక్కడే, అత్తగారు ఎప్పటినుంచో రమ్మంటోంది. అదే జరిగితే జీలానీ మనవణ్ని చూసేది సెలవులకూ పండగలకే. ఆ సంగతి ఆయన ఎవరితోనూ అనలేదు. కానీ వాడు నిద్రపోతున్నప్పుడు ఆయన కూర్చుని చూసే తీరు గోడ మీదుగా నాకు కనబడేది.

ఆరు నెలలు నిండాక డిస్పెన్సరీ నర్సు దలీలా వాణ్ని చూసింది. తల నిలుపుతున్నాడు, ఆసరా ఇస్తే కూర్చుంటున్నాడు, చెంచా పెడితే నాలుకతో బయటికి నెట్టడం లేదు, ఇంక మొదలుపెట్టొచ్చు అంది. పాలు మానొద్దు, మెత్తగా చిదిమి రోజుకొక చెంచాతో మొదలుపెట్టండి, కొత్తది ఒక్కొక్కటే పెట్టి రెండు మూడు రోజులు చూడండి, ఉప్పూ చక్కెరా వద్దు, మూతి తిప్పుకుంటే బలవంతం చెయ్యొద్దు అని చెప్పింది. చివర్న, మీరు తినేటప్పుడు వాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి అని కూడా అంది. ఆ చివరి మాటకు అందరం తల ఊపి, అది పండగ తర్వాత చూసుకోవచ్చులే అనుకున్నాం.

నేను ఊరుకుంటానా? బార్లీ వేయించి, విసిరి, నూనె కలిపి, మా అమ్మ మాకు పెట్టినట్టే తేనె చుక్క వేసి ఉగ్గు పట్టుకెళ్లాను. రౌదా గిన్నె చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదమట, నర్సు గట్టిగా చెప్పిందట. మేమంతా తేనె తినే పెరిగాం, చచ్చామా అని అడిగాను. చచ్చినవాళ్లు వచ్చి చెప్పరు కదా అత్తా అంది. పంతులమ్మతో ఎవరు గెలుస్తారు? తేనె లేకుండా మళ్లీ కలిపి తెచ్చాను. వాడు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, మూతి బిగించాడు.

అప్పుడు జీలానీ రంగంలోకి దిగాడు. ఇన్నాళ్లూ పొట్టలు కోసి చూసిన మనిషికి కోయకుండా చూడాల్సిన పొట్ట ఒకటి దొరికింది. తన వృత్తి ధర్మం ప్రకారం, నీడ పడకుండా వాడి వెనక కూర్చుని పక్కనుంచి చెంచా చాపాడు. వాడు తల తిప్పుకున్నాడు. ఇనప చెంచా చల్లగా ఉందేమోనని కొయ్య చెంచా చెక్కాడు. గుమ్మడి పెట్టాడు, మర్నాడు పల్చన చేశాడు, ఆ మర్నాడు చిక్కన చేశాడు. ఆటుకు ఒకసారి, పోటుకు ఒకసారి పెట్టి చూశాడు. కిటికీకి దుప్పటి కట్టి చీకట్లో కూడా చూశాడు, అప్పుడు మాత్రం వాడు హాయిగా నిద్రపోయాడు. రేవులో ఒకడు, ఏం జీలానీ, పిల్లాడి పొట్ట కూడా కోస్తావా ఏంటి అని వేళాకోళమాడాడట. ఈయన వచ్చి నాతో చెప్పి నవ్వాడు గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. రౌదా అప్పటికే వాడి బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

రంజాన్‌లో ఆ ఇంటి పద్ధతి ఇది. సూర్యుడు దిగేముందు రౌదా పిల్లాడికి పాలు పట్టి, జోకొట్టి పడుకోబెడుతుంది. పగలంతా ఎండిపోయిన మనుషులు ఆ ఒక్క పూటైనా ప్రశాంతంగా తినాలి కదా. అందరిళ్లలోనూ అంతే. ఆ సాయంత్రం నేను ఒక గిన్నె సూపుతో వాళ్లింటికి వెళ్లాను. సరిగ్గా మసీదు పిలుపు వేళకు గాలికి తలుపు దభీమని కొట్టుకుని, పిల్లాడు లేచి కూర్చున్నంత పని చేశాడు. రౌదా చేతులు కాగే నూనె దగ్గర ఉన్నాయి. జీలానీ ఖర్జూరం నోట్లో వేసుకుంటూనే వాణ్ని ఎత్తి ఒళ్లో ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

వాడు ఏడుపు ఆపేశాడు. తాత దవడ కేసి చూస్తున్నాడు. దవడ కదిలితే వాడి పెదాలు కదిలాయి. జీలానీ అది గమనించి నమలడం ఆపాడు. వాడి పెదాలూ ఆగాయి. మళ్లీ నమిలాడు, మళ్లీ కదిలాయి. ఆకలి సంగతే మరిచిపోయి ఆ ముసలాయన ఆ ఒక్క ఖర్జూరాన్ని ఎంతసేపు నమిలాడో. సూపు చల్లారిపోతోందని నేను అరిచినా వినిపించుకోలేదు. తర్వాత ఉప్పు వెయ్యకముందు తీసి పెట్టిన క్యారెట్టు ముక్కను వేళ్లతో మెత్తగా చిదిమి, ముందు తనొక ముద్ద తిని, వాడికి వేలి కొసన కాస్త చూపించాడు. వాడి నోరు కుండ మూతిలా తెరుచుకుంది.

"వీడు పుట్టి ఇన్నాళ్లయినా మనం తినడం వీడు చూడనేలేదమ్మా" అన్నాడు జీలానీ. "పగలు మనం తినం. మనం తినేవేళకి వీణ్ని పడుకోబెడతాం. ఈ నెల రాకముందు పాలు తాగి నిద్రపోయే వయసు. తినడమంటే ఏంటో వీడికెలా తెలుస్తుంది?"

రౌదా కళ్లు తుడుచుకుంది, కానీ పంతులమ్మ పంతులమ్మే. "రాత్రి తింటే ఏం లాభం నాన్నా? నేనుండనిది పగలు. పగలు వాడికి ఎవరు తిని చూపిస్తారు?"

మర్నాడు మధ్యాహ్నం జీలానీ వాడి ఎదురుగా కూర్చుని ఉత్తి నోరు నమిలాడట. వాడు ముందుకు వంగి, తాత పెదాల మధ్య వేలు పెట్టి వెతికి, ఏమీ దొరక్క మూతి బిగించేశాడట. నవ్వు వచ్చింది గానీ, మోసం పనికిరాదని నాకూ అర్థమైంది. ఆ సాయంత్రం ఆయన గోడ దగ్గరికొచ్చాడు.

"బేయా, ఓ మాట అడుగుతా. కోప్పడవు కదా?"

"అడిగే మాటను బట్టి."

"రేపు మధ్యాహ్నం నీ కంచం పట్టుకుని మా ఇంటికి రా. వాడి ముందు కూర్చుని తిను."

ఏ కంచం, ఎక్కడి కంచం అని దబాయించాను. ఆయన నేల చూపులు చూస్తూ, గుడ్డు వేయించుకుంటావు కదా, ఒక్కోసారి బంగాళాదుంప అన్నాడు. చేప పొట్టలో ఏముందో చెప్పే మనిషికి గోడ అవతల ఏం వేగుతోందో తెలియదా?

"మూడేళ్లుగా తెలిసీ ఊరుకున్నావా?" అన్నాను.

"ఊరుకోలేదు. బాదుతూనే ఉన్నా కదా" అన్నాడు. నాకు అర్థం కాలేదని చూసి, ఇంకా మెల్లగా చెప్పాడు. "నీ గిన్నె చప్పుడు వీధిలోకి వినబడుద్దని. పొద్దున ఒడ్డున బాదినవాటినే మళ్లీ తెచ్చి బాదుతా. నేను వండే ఆక్టోపస్ నోట్లో వెన్నలా కరుగుద్దని రౌదాని అడిగితే చెప్పుద్ది."

నాకు ఏడుపొచ్చేలా ఉంది. ఆయన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో ఆయనకు వినబడలేదు, అంతవరకు నయం.

మర్నాడు చున్నీ కింద కంచం దాచుకుని వెళ్లాను. రౌదా సెలవుకు అదే ఆఖరి రోజు. గోడకు ఆనించిన సంచి నిండా ఉంది, మూతి కూడా కట్టేసింది. ఉపవాసం ఉన్న ఇద్దరు మనుషుల ముందు చాప మీద కూర్చుని గుడ్డూ బంగాళాదుంపా తినడమంటే మాటలా? మొదటి ముద్ద తల దించుకుని తిన్నాను. ఇయాద్ మాత్రం నా నోటి మీంచి చూపు తిప్పలేదు. రెండో ముద్దకు వాడి పెదాలు కదిలాయి. మూడో ముద్దకు జీలానీ చిదిమిన బంగాళాదుంపను వాడి ముందు పట్టుకున్నాడు, వాడి ఎదురుగా, నీడ నిండా వాడి మీద పడేలా. వాడు నోరు తెరిచాడు. వాడితో పాటు తాతా తెరిచాడు, తల్లీ తెరిచింది. పొద్దుట్నుంచీ నీటి చుక్క కూడా తగలని ఆ రెండు నోళ్లూ వాడు మింగినప్పుడల్లా మూసుకుని, మళ్లీ తెరుచుకుంటుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నాలుగు చెంచాలు తిని వాడు మూతి తిప్పేసుకున్నాడు. జీలానీ వెంటనే ఆపేశాడు. రౌదా లేచి సంచి దగ్గరికి వెళ్లి, ముడి విప్పి, ఒక్కొక్క చొక్కా తీసి మళ్లీ పెట్టెలో పెట్టింది. జీలానీ అటు చూడలేదు. చిదిమిన బంగాళాదుంప వేళ్లకు అంటి ఉంటే, ఉపవాసం సంగతి గుర్తు చేసుకుంటూ కాబోలు, నాకకుండా చాలాసేపు గుడ్డతో తుడుచుకున్నాడు.

తర్వాత నర్సు దలీలాకు చెబితే, నేను మొదటి రోజే చెప్పాను కదా, మీతో పాటు కూర్చోబెట్టుకోమని అని నవ్వింది. నిజమే, చెప్పింది. అయినా ఈ నెలలో పగలు తినేవాళ్లెవరుంటారని ఆవిడకూ తట్టలేదట, ఆవిడదీ ఉపవాసమే.

రౌదా ఫెర్రీ ఎక్కి వెళ్లిన మొదటి మధ్యాహ్నం నేను నా కంచం, గిన్నె పట్టుకుని వెళ్లేసరికి, జీలానీ వాకిట్లో రాయి దగ్గర ఆక్టోపస్ పట్టుకుని నిలబడ్డాడు. పిల్లాడు చాప మీద దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది.

"కొట్టకు" అన్నాను.

"వీధిలో వింటారు, బేయా."

"విననీ. వాడికి నా నమలడం వినబడాలి" అని చాప మీద కూర్చుని, చెంచాతో గిన్నెను గట్టిగా ఒకసారి మోగించాను.