నెత్తి మీద నీళ్లు వద్దన్న పెద్దాయన

నితాఖత్ అనే చట్టం పేరు చెప్పి ఉద్యోగాల్లో సౌదీ వాళ్లను పెంచాలని, మా ఆసుపత్రిలో బయటి దేశాల సిబ్బందిని తగ్గిస్తున్న రోజులవి. జెద్దాలోని మా వృద్ధుల వార్డులో ఆరుగురు నర్సుల పని ముగ్గురం చేసేవాళ్లం. వెంట ఉంచుకున్న కుటుంబాల మీద తలకింతని పన్ను పడ్డాక మా ఆయన్నీ పాపనీ కాకినాడ పంపేశాను. డ్యూటీకి వెళ్లాలన్నా, దిగి ఖాళీ గదికి రావాలన్నా కాళ్లు కదిలేవి కావు.

మా వార్డులో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు ఉండేవారు. అరబ్బుల కుటుంబమే గానీ పెరిగింది హైదరాబాదులో. పడుచు వయసులో జెద్దా వచ్చి స్థిరపడ్డారు. ఎప్పుడో బస్తీలో నేర్చుకున్న తెలుగు నా మీద ప్రయోగించేవారు. నెమ్మదస్తుడు. స్నానం దగ్గర మాత్రం మొండికేసేవారు.

ఒక మధ్యాహ్నం నాకు ఓపిక అయిపోయింది. "రోజూ ఇదే గొడవా తాతగారూ? నాకింకా తొమ్మిదిమంది ఉన్నారండీ" అంటూ షవర్ నేరుగా ఆయన నెత్తి మీద పెట్టేశాను.

ఆయన ఊపిరి బిగబట్టి నా మణికట్టు రెండు చేతులా పట్టేసుకున్నారు. గోళ్లు దిగబడ్డాయి. నీళ్లు కట్టేసి, ఆయనకు తువ్వాలు కప్పి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడు చెప్పడం మొదలుపెట్టారు.

"పెద్ద లడాయి నడుస్తుండె బేటీ. నాకు ఎనిమిదేండ్లు. మా అబ్బాజాన్, అదే మా నాయిన, ఏడెన్ రేవుల ఉంటుండె. ఆయన దగ్గరికని అమ్మీ, నేను బొంబాయిల ఓడెక్కినం."

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పారు. అది రెండో ప్రపంచ యుద్ధం. జలాంతర్గామి కొట్టిన దెబ్బకు ఓడ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఎవరో ఆయన్ని ఎత్తి చిన్న పడవలో పడేశారు. అందులో కాలు పెట్టే చోటు లేదు. తల్లి ఏదో చెక్క పట్టుకుని తేలుతూ వచ్చి పడవ అంచు అందుకుంది. ఆ బరువుకి పడవ వంగి లోపలికి నీళ్లొచ్చాయి.

"రాకు అమ్మీ, మునుగుతది, రాకు అని ఒర్లిన. నాకెవ్వరు చెప్పలే. నేనే అన్న."

"మరి ఆవిడ?"

"చెయ్యి ఇడిసింది."

అప్పుడు మీరు చిన్నపిల్లాడు కదా అనబోయి ఆగిపోయాను. ఆ మాట ఆయన తనకు తాను ఎన్ని వందలసార్లు చెప్పుకున్నారో. తల తుడిచి చొక్కా తొడిగాను. తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలు, తల మీద నీళ్లు పోయొద్దని చార్టులో రాశాను. నేను చేయగలిగింది అంతే.

కొన్ని వారాలకు ఆయన బాగా క్షీణించారు, స్పృహ పోతూ వస్తూ ఉండేది. కొడుకు నన్ను వరండాలోకి పిలిచాడు. అతనికి అరబ్బీ తప్ప రాదు.

"సిస్టర్, మేం దగ్గరికి వెళ్తే చాలు, చేతులడ్డం పెట్టి ఉర్దూలో ఏదో అంటున్నాడు. మా మీద కోపమా?"

హిందీ వచ్చు కాబట్టి, రాకు అమ్మీ అంటున్నారని నాకు తెలుసు. నాకొచ్చిన కాస్త అరబ్బీలో చెప్పాను. "మీతో కాదు. వాళ్లమ్మతో మాట్లాడుతున్నారు."

"ఏమంటున్నాడు?"

"జాగ్రత్త అంటున్నారు."

అతను లోపలికి వెళ్లి తండ్రి చేతులు రెండూ పట్టుకుని కూర్చున్నాడు. అబద్ధమాడానా అని చాలాకాలం ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆయన పోయిన రోజు నాకు సెలవు. తర్వాత నెల తీసేసేవాళ్ల జాబితాలో నా పేరూ వచ్చింది. మేనేజరు దేశం వదిలి వెళ్లే ఎగ్జిట్ కాగితాలు చేతికిస్తూ సారీ చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ ఖాళీ గదికి ఇప్పుడే వెళ్లలేను, ఇక్కడ కాసేపు కూర్చోవచ్చా అని మాత్రం అడిగాను.