దారిలో ఉన్నానని చెప్పిన మధ్యాహ్నం

ఆ రోజు రోడ్డుకి చెట్టు అడ్డం పడిందని, అందుకే ఆలస్యమైందని మావాళ్లందరికీ చెప్పాను. అది అబద్ధం. రోడ్డు ఖాళీగానే ఉంది.

విడాకుల తర్వాత ఓక్లహోమాలో ఓ చిన్న ఊళ్లో కాంట్రాక్ట్ ఉద్యోగం దొరికింది. ఊరి చివర ఒక మొబైల్ హోమ్ అద్దెకు తీసుకున్నాను. దిమ్మెల మీద నిలబెట్టి, ఇనుప పట్టీలతో నేలకి కట్టిన రేకుల ఇల్లు. గాలి గట్టిగా వీస్తే వంటగదిలో గిన్నెలు కదిలేవి. సెలవు రోజుల్లో నాతో మాట్లాడే మనిషి పక్కింటి అమెరికన్ ముసలావిడ ఒక్కతే. చేతికర్ర లేకుండా నడవలేదు. కారు లేదు.

మొదటి వారమే ఆవిడ నన్ను తన మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పింది. "సుడిగాలి వస్తే బాత్రూమ్‌లో దాక్కోవడాలు గట్టి ఇళ్లవాళ్లకి. ఈ ఇళ్లల్లో ఏ మూలా పనికిరాదు. సైరన్ మోగేదాకా ఆగావంటే ఆలస్యమైనట్టే. సుడిగాలి రావచ్చని ఫోన్లో 'వాచ్' అని ముందస్తు హెచ్చరిక వస్తుంది చూడు, అప్పుడే బయల్దేరాలి."

తలదాచుకునే షెల్టర్ మూడు మైళ్ల దూరంలో, స్కూల్లో ఉంది. వాచ్ వచ్చినప్పుడల్లా నా కారులో తీసుకెళ్తానని మాటిచ్చాను. ఆ వసంతంలో రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ ఏమీ కాలేదు. అక్కడ కూర్చుని నాకు పేకాట నేర్పింది. "మీ దేశంలో అందరూ ఇంత నెమ్మదిగా ఆడతారా?" అని వెక్కిరించేది.

మూడోసారి శనివారం మధ్యాహ్నం. ఇరవై నిమిషాల దూరంలో ఓ తెలుగు మిత్రుడి ఇంట్లో భోజనానికి కూర్చున్నాను. నలుగురి మధ్య తెలుగు విని చాలా వారాలైంది. ఆవిడ ఫోన్ చేసింది.

"వాచ్ వచ్చింది. వస్తున్నావా?"

"దారిలో ఉన్నానండీ. ఐదు నిమిషాలు."

ఫోన్ పెట్టగానే మిత్రుడు అందుకున్నాడు. "ఏ దారి మామా? బిర్యానీకీ రైతాకీ మధ్యనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "ఇంకొంచెం వేసుకోండి అన్నయ్యా, అదేం తిండి!" అంటూ అతని భార్య గరిటెతో వచ్చింది. వద్దనలేదు. మనవాళ్లం స్నానానికి వెళ్లబోతూ కూడా దారిలో ఉన్నామంటాం. అవతలివాడు దానికి అరగంట కలుపుకుంటాడు. ఆవిడకి ఆ అలవాటు తెలియదు.

కారు తీసేసరికి అరగంట దాటింది. సగం దూరంలో సైరన్లు మొదలయ్యాయి. నేను చేరేసరికి గాలి వచ్చి వెళ్లిపోయింది. నా ఇంటి పైకప్పు లేదు. ఆవిడ ఇల్లు దిమ్మెల మీంచి దొర్లి పడి ఉంది. ఆవిడ రోడ్డు పక్క గుంటలో దొరికింది, తుంటి ఎముక విరిగి.

అంబులెన్స్ దగ్గర ఎదురింటాయన చెప్పాడు. "నా ట్రక్కులో ఎక్కమన్నాను. 'వద్దు, అతను దారిలో ఉన్నాడు. నేను కనపడకపోతే వెతుక్కుంటూ ఇక్కడే చిక్కుకుంటాడు' అంది."

ఎవరూ అడగకుండానే, అప్పుడే, చెట్టు సంగతి నా నోటి నుంచి వచ్చింది.

ఆవిడ మళ్లీ నడవలేదు. వేరే రాష్ట్రంలో, కూతురికి దగ్గర్లో ఓ కేర్ హోమ్‌లో చేర్చారు. పోయిన నెల నంబర్ సంపాదించి ఫోన్ చేశాను. అంతా చెప్పాను, రెండోసారి వడ్డించుకున్న సంగతితో సహా. వెనక ఎక్కడో టీవీ వినిపిస్తోంది.

"ఆ ట్రక్కులో ముందు సీటు ఖాళీగా ఉండింది," అంది చివరికి.

ఆ తర్వాత, మందులు తెచ్చారని చెప్పి ఫోన్ పెట్టేసింది.