చల్లపల్లి మిల్లులో మొదటి భోజనం

సునీత నాకు అప్పగించిన పని ఒక్కటే, వాళ్ళమ్మను చల్లపల్లి తీసుకురావడం. అక్కడ మూతపడి ఉన్న పాత రైసు మిల్లును లీజుకు తీసుకుని, ఎవరెన్ని చెప్పినా వినకుండా రెస్టారెంటుగా మార్చింది నా చిన్ననాటి స్నేహితురాలు. శనివారం మధ్యాహ్నం ప్రారంభం. "అమ్మ రాకపోతే తలుపులు తియ్యనే" అంది ఫోన్లో. అన్నదంటే చేసే మనిషి.

సునీత వాళ్ళమ్మ రత్నమ్మ గారు విజయవాడలో, ఆటోనగర్ దగ్గర కొడుకింట్లో ఉంటారు. శనివారం పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఇంటి చీరలోనే కూర్చుని ఉన్నారు.

"ఆ మిల్లు మీ బాబాయి చెయ్యి తినేసింది. నేనెళ్ళి అక్కడ అన్నం తినాలా?" అన్నారు.

సునీత బడికి వెళ్ళే రోజుల్లో వాళ్ళ నాన్న ఏసుదాసు గారి కుడిచెయ్యి మిల్లు బెల్టులో పడి నలిగిపోయింది. ఆ తర్వాత ఆయనకు అక్కడ పని లేకుండా పోయింది. ఇప్పుడాయన లేరు. తినమని నేను బలవంతపెట్టలేదు. ఒకసారి చూసి, నచ్చకపోతే తర్వాతి బస్సుకే వెనక్కి వచ్చేద్దామన్నాను. ఆవిడ లేచి చీర మార్చుకున్నారు.

బస్టాండులో ఎనిమిది గంటలకు అవనిగడ్డ బస్సెక్కాం. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టు ఉచితం కాబట్టి, కూర్చోవాలంటే కాస్త ముందే వెళ్ళాలి. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు నెమ్మదించింది. ఆ తర్వాతంతా కోతలైన మళ్ళు, వాటిలో లేత మినుము. పామర్రులో నేను ఇడ్లీ తిన్నాను, ఆవిడ టీతో సరిపెట్టారు.

ముందు సీట్లో ఒక పెద్దాయన మేమెక్కడికని అడిగి, "ఆ మిల్లుకాండీ? లోపల రాజుగారి కోటలా చేశారంటండి. మా అమ్మాయి పెళ్ళిచూపులు అక్కడే పెట్టుకుందామంటోంది" అన్నారు. రత్నమ్మ గారు కిటికీవైపు తిరిగిపోయారు.

చల్లపల్లి సెంటర్లో దిగి ఆటోలో వెళ్ళాం. పొగగొట్టం దూరం నుంచే కనిపిస్తుంది, దారి అడగనక్కర్లేదు. పాత ఇటుక గోడల్ని శుభ్రం చేసి అలాగే ఉంచారు. ఎత్తయిన టేకు దూలాల నుంచి ఇత్తడి దీపాలు వేలాడుతున్నాయి. తెల్లని గుడ్డలు పరిచిన బల్లలు. హాలు నడిమధ్యన, నల్లగా మెరుస్తూ, బియ్యం పట్టిన మిషను, దాని చక్రం మీద ఆ బెల్టు.

రత్నమ్మ గారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"నాన్న పనిచేసిన మిషనమ్మా. అందరూ చూడాలని పెట్టాను" అంది సునీత.

"అందరూ చూస్తారు, ఫొటోలు దిగుతారు. నాకు మాత్రం మీ నాన్న కేకే వినపడుద్ది."

సునీత ముఖం పాలిపోయింది. అతిథులు వచ్చే వేళయింది. లైట్లన్నీ దాన్ని చూసుకునే అమర్చామని డిజైనరు నెమ్మదిగా గుర్తుచేశాడు. సునీత అతని వైపు చూడలేదు.

"తీసేయించనా అమ్మా? ప్రారంభం రేపు పెట్టుకుంటాను."

ఆవిడ మిషను చుట్టూ ఒకసారి తిరిగారు. ఇనుము మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. "ఇది ఉండనీ. మీ నాన్న దీన్ని బిడ్డలా చూసుకున్నాడు. ఆ బెల్టు మాత్రం తీసెయ్."

ఎవరినీ పిలవలేదు సునీత. వంటింట్లోంచి పెద్ద కత్తి తెచ్చి, పట్టుచీరతోనే కుర్చీ ఎక్కి కోయడం మొదలుపెట్టింది. దళసరి బెల్టు, అంత తేలిగ్గా తెగలేదు. గ్రీజు చీరకంతా అంటింది. రత్నమ్మ గారు రెండో వైపు పట్టుకుని బిగించి లాగారు. తెగి పడ్డాక దాన్ని ఆవిడే ఈడ్చుకెళ్ళి గేటు బయట పడేసి, చేతులు కడుక్కుని వచ్చి మిషను పక్క బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆ గ్రీజు చీరతోనే తలుపులు తీసింది సునీత. మొదటి విస్తరి వాళ్ళమ్మకే వేసింది. గోంగూర, రొయ్యల ఇగురు, పప్పుచారు. ఆవిడ తలెత్తకుండా తిన్నారు. ఒక్కసారి మాత్రం పైటచెంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

నాలుగు గంటల బస్సుకు నేనొక్కదాన్నే బయల్దేరాను. వెళ్ళొస్తానని చెప్పడానికి వంటింట్లోకి వెళ్తే, రత్నమ్మ గారు పొయ్యి దగ్గర నిలబడి గరిటెతో చారు రుచి చూస్తున్నారు. "చింతపండు సరిపోలేదు. రేపు కూడా ఉండి వంటవాళ్ళకి నేర్పి వస్తా, మావాడికి చెప్పమ్మా" అన్నారు.

శని, ఆదివారాల్లో ఈ మిల్లుకి భోజనానికి వెళ్ళేవాళ్ళు ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి. బల్లలు తొందరగా నిండిపోతున్నాయి.