రెండు చరణాల నిప్పట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడియారం లేదు. నేనున్నాను. మా నాయనను కన్న జేజి బియ్యప్పిండి నిప్పట్లు నూనెలో వేసి "ఊఁ" అనగానే నేను గుడిలో పాడే ఒక కీర్తన ఎత్తుకోవాలి. పల్లవి, రెండు చరణాలు పాడి మళ్ళీ పల్లవికి రాగానే ఆమె చిల్లుల గంటెతో వాటిని పైకి తీసేది. మూడో చరణం పాడే భాగ్యం ఆదివారం ఆరాధనలో తప్ప నాకు దొరికేది కాదు. పొద్దు పొడిచింది మొదలు అవే రెండు చరణాలు వినీ వినీ దేవుడికైనా విసుగు పుట్టదా అని నాకు ఒళ్ళు మండిపోయేది.

మాది ఆత్మకూరు. నల్లమల నుంచి వెదురు వేసుకుని కర్నూలుకు పోయే బండ్లు మా వాకిలి ముందే ఆగేవి. మా చేతి తిండి ముట్టనివాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నా, ఆకలితో వచ్చే బండివాళ్ళలో ఆ పట్టింపు తక్కువ. జేజి ప్రతి నిప్పట్టు మీదా వేపచెక్క ముద్రతో క్రిస్మస్ నాటి చుక్కను ఒత్తేది. దారి పొడుగునా వాటికి చుక్క నిప్పట్లనే పేరు నిలిచిపోయింది. నిన్న తిన్న రుచే ఈ రోజూ ఉండాలన్నది ఆమె పంతం. పిండిలో మిరప్పొడి ఎర్రగా కలిసి ఉంటుంది కాబట్టి రంగు చూసి తీయబోతే కొత్తవాళ్ళు మోసపోతారు. అందుకే పాట.

మా చిన్నాయన ఏ పనిలోనూ నిలిచినవాడు కాదు. బడిలో కొన్నాళ్ళు, గానుగ దగ్గర కొన్నాళ్ళు, తోళ్ళ బేరంలో కొన్నాళ్ళు. మా చిన్నమ్మది కోసిగి వైపు. వానలు లేని ఏడు ఆ ఊరి జనం మూటాముల్లె సర్దుకుని కూలికి దేశాలు పట్టి పోయేవారు. ఆమె పుట్టిన నాటి నుంచి అలా తిరిగి తిరిగి, ఒక పొయ్యి దగ్గర స్థిరంగా కూర్చుంటే చాలునని మోకాళ్ళూని ప్రార్థించేది. జేజికి జాలి కలిగి, కర్నూలు బాటలో ఒక పూట ప్రయాణం దూరాన ఉన్న మజిలీలో వాళ్ళ చేత రెండో అంగడి పెట్టించింది. చిన్నమ్మ మా ఇంట్లో ఉండి, నేను పాడుతుంటే నిప్పట్లు కాల్చడం నేర్చుకుంది. పోయే రోజున జేజి ఇంకో ముద్ర చేయించి ఆమె చేతిలో పెట్టి, రుచి మారితే ముద్ర వెనక్కి వస్తుందని గట్టిగా చెప్పింది.

నెల తిరగలేదు. ఎప్పుడూ మా దగ్గర ఆగే బండి సాయిబు ఒక పొద్దున దిగుతూనే జేజి మీద విరుచుకుపడ్డాడు.

"ఏమవ్వా, చుక్క ఒకటే గానీ ఈడ ఒక రుచి, ఆడ ఒక రుచా? మీ కోడలు కాల్చేది నిప్పట్టు గాదు, బొగ్గు! ఇంగ నేను ప్రతి మజిలీలో చెప్పేస్తా, చుక్క చెడిపోయినాదని."

"నీ నోరు రెండు దినాలు కట్టేసుకోప్పా. నేనే వస్తాండా," అంది జేజి. అప్పటికప్పుడు నన్ను చెయ్యి పట్టి లాగి అతని బండే ఎక్కించింది. వెదురు బొంగుల మీద కూర్చుని దారంతా నేను ఏడుపు మొహం పెట్టాను. జేజి కోడలినీ కొడుకునూ ఎండనూ ఎద్దులనూ వరసగా తిట్టింది.

అంగడి చేరగానే చిన్నాయన ఎదురొచ్చి తప్పును అన్నిటికీ పంచిపెట్టాడు. నూనె కల్తీదట. నీళ్ళు ఉప్పువట. కట్టెలు పచ్చివట. చివరికి ఇది సాతాను శోధన అని కూడా అన్నాడు. "సాతానుకు వేరే పని ల్యా, నీ పొయ్యి కాడ కూసుంటాడా?" అని జేజి అతన్ని పక్కకు నెట్టి లోపలికి పోయింది.

చిన్నమ్మ మాత్రం తడబడలేదు. "మీరు చెప్పినట్టే రెండు చరణాలు పాడి తీస్తాండా అత్తా," అంది. పాడి చూపమంది జేజి. చిన్నమ్మ నిప్పట్టు వేసి, కళ్ళు మూసుకుని అందుకుంది. అవే మాటలు, అదే వరస. కానీ ఎంత నెమ్మది! ఒక్కొక్క మాటా సాగి, ఊగి, ఊపిరి తీసుకుని అప్పుడు కదిలేది. కోసిగి వైపు గుళ్ళలో అలాగే పాడతారని మాకేం తెలుసు? మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాడింది నేనే కదా.

"ఇంగా పల్లవి దాటలేదా మే?" అంది జేజి. "దేవుణ్ణి నిద్రపుచ్చుతాండావా?"

"మా గుళ్ళో దేవుని పాటను తరిమి తరిమి పాడరు అత్తా. తొందరపడితే పాపం."

"నిప్పట్టు మాడితే?"

"అది నిప్పట్టే గదా."

జేజి ముద్రను తీసి కొంగున ముడి వేసుకుంది. అంగడి మూసేయమని చిన్నాయనకు చెప్పింది. అతను గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మళ్ళీ మూట నెత్తికెత్తుకోవాలని చిన్నమ్మకు అర్థమైంది. అయినా వాదించలేదు. పిసికిన పిండి పారేయడం ఇష్టం లేక ఇంకో నిప్పట్టు నూనెలో వేసి, అదే నడకతో మళ్ళీ పాట అందుకుంది. వేగం మాత్రం ఆవగింజంతైనా పెరగలేదు. ఇంత మొండితనమేమిటని నాకు కూడా విసుగొచ్చింది.

కళ్ళ ముందే మాడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం జేజి వల్ల కాలేదు. కమ్మటి వాసన వచ్చిన క్షణాన గంటె లాక్కుని తనే నిప్పట్టును తీసేసింది. కళ్ళు మూసుకున్న చిన్నమ్మకు అది తెలియనే లేదు. తన పాట తను పాడుకుంటూ పోయింది. జేజి ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. నమలడం ఆపింది. నా వైపు తిరిగింది.

"నేను తీసినప్పుడు అది పాటలో యాడుండాది?"

"మొదటి చరణం అయిపోయి, పల్లవి అందుకుంటాంది," అన్నాను.

తన నడకే పాట నడక అనుకుని ఇంత దూరం తిట్టుకుంటూ వచ్చిన మనిషి జేజి. అది మింగడం ఆమెకు సులభం కాలేదు. చివరికి కొంగు ముడి విప్పి, "నీ పాట నువ్వు ఆఖరి దాకా పాడుకో మే, ఎవరూ వద్దనరు. నిప్పట్టు మాత్రం ఆడ తియ్యి," అని ముద్రను చిన్నమ్మ ఒళ్ళో పడేసింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని నేను మరువలేను. ఒక పొయ్యి మీద తను నా పాటతో కాల్చింది. ఇంకో పొయ్యి మీద చిన్నమ్మ తన పాటతో కాల్చింది. ఒకే గదిలో ఒకే కీర్తన రెండు నడకల్లో పాడుతుంటే, ఎద్దులకు మేత వేస్తున్న సాయిబు చెవులు మూసుకున్నాడు. జేజి అన్నిటినీ ఒకే గంపలో కలిపి తెచ్చి అతని ముందు పెట్టి, ఏవి ఎవరివో వేరు చేయమంది.

సాయిబు ఒకటి తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. మొదటిదేదో మరిచిపోయి మళ్ళీ తిన్నాడు. "కొంచెం ఆగవ్వా, ఇంకో రెండు తింటే తేలిపోతాది," అన్నాడు.

"తేలేది నీ కడుపు! చెప్తావా ల్యాదా?"

అతను చేతులు దులుపుకుని నవ్వేశాడు. "ఎట్ల చెప్పేది? అన్నీ నీవే."

"అన్నీ దానివే," అని జేజి కోడలి వైపు గడ్డం చూపించి లోపలికి వెళ్ళిపోయింది. చిన్నమ్మ ఆ పొయ్యి దగ్గర నుంచి మళ్ళీ ఎక్కడికీ కదలలేదు. ఆ ఏడూ వానలు రాలేదు.

ఇప్పుడు మా సంఘంలో కుర్రవాళ్ళు డప్పులు పెట్టుకుని ఆ కీర్తననే పరుగులు తీయిస్తున్నారు. నా ఈడువాళ్ళు మొహం చిట్లించి, మీరైనా చెప్పండమ్మా అని నన్ను ముందుకు తోస్తారు. నాకూ విసుగే, దాచుకోను. కానీ నోరు తెరవబోయే ముందు ఆ పిల్లల చేతుల్లో ఏం కాలుతోందో చూడాలనిపిస్తుంది. మంచం పట్టిన ముసలివాళ్ళకు కుండలతో నీళ్ళు మోసుకుపోయేది వాళ్ళే. ఎవరూ చెప్పకుండానే పోతారు. ఇంక వాళ్ళ పాట నడకను దిద్దే పని నాకెవరు అప్పగించారు? ఇంత వేగమా తండ్రీ అని మనసులో ఒకసారి అనుకుంటాను. అనుకుని, రొప్పుతూ అయినా సరే, వాళ్ళతో పాటు పాడతాను.